సచ్చిన గొడ్డు, రోడ్డు మీది దుప్పి: కళేబరం ఎవరిదనే ప్రశ్న

పాలమూరు, నల్లగొండ జిల్లాల చరిత్ర మీద చాలా పుస్తకాలే వచ్చాయి. సంస్థానాల చరిత్రలున్నాయి, సాయుధ పోరాటపు చరిత్రలున్నాయి, కరువు మీదా వలస మీదా నివేదికలున్నాయి. భూమి ఎవరిది, నీళ్లెవరివి, పంటెవరిది అని ఆ పుస్తకాలన్నీ ఏదో వొక తీరుగా అడిగినవే. సచ్చిన పశువు ఎవరిది అని అడిగింది మాత్రం మేము చూసినంతలో దాదాపు లేదు. ఇందులో వింతేమీ లేదు. ఆ పశువు కాళ్లకు తాడు కట్టి, దుంగకు వేసి, ఊరవతలికి మోసినవాళ్లు ఆ పుస్తకాలు రాయలేదు. రాసినవాళ్లకు ఆ పశువు తమ వాకిలి దాటిపోయేదాకానే సమస్య. దాటిపోయినంక అది చరిత్ర కాదు, కంపు.

ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నను కొంచెం పక్కనుంచి, తారురోడ్డు మీదినుంచి అడగదలచుకున్నాం. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు దాటినంక, దేవరకొండ–డిండి దిక్కు, మక్తల్–కృష్ణ దిక్కు చేల నడుమ రోడ్ల మీద లారీకో కారుకో దుప్పి తగులుతది, ఇర్రి తగులుతది. తగిలించినవాడు చాలాసార్లు ఆగడు. తెల్లారేసరికి ఆ జంతువు అక్కడ వుండొచ్చు, వుండకపోవచ్చు. వుంటే అది ప్రభుత్వానిది. లేకుంటే ఎవరింట్లోనో కూర. ఆ కూరకు ఏం పేరు పడుతుంది? అదే రాత్రి అదే ఊళ్లో సచ్చిన ఎద్దు కూరకు వేరే పేరు ఎందుకు పడుతుంది? రెండూ సచ్చినవే. రెండింటినీ తినేవాడు చంపలేదు. అయినా వొకటి తింటే వాడు అంటరానివాడు, ఇంకొకటి తింటే అదృష్టవంతుడు.

మాటలనుంచి మొదలుపెడదాం. 'గొడ్డు' అనేది బతికి వున్నప్పుడు పశువు పేరు, తిన్నప్పుడు తిన్నవాడి మీద తిట్టు. 'సచ్చిన గొడ్డు' అన్న రెండు మాటలు కలిస్తే కులం పేరు చెప్పకుండానే కులం తెలిసిపోతుంది. ఉర్దూ నుంచి మన పల్లెల్లోకి వచ్చిన 'ముర్దారు' అన్న మాటా ఇట్లాంటిదే. తానే సచ్చిన జంతువును ముసల్మాన్లు తినరు కాబట్టి వాళ్లకది ధర్మానికి సంబంధించిన మాట. మన ఊళ్ల హిందువుల నోట్లో పడ్డాక అది కులానికి సంబంధించిన తిట్టయ్యింది. దుప్పి మాంసానికి ఈ మాటలేవీ అంటవు. ఎవరూ వేటాడకపోయినా అది 'వేట మాంసం', 'షికారు'. లారీ టైరు కింద నడుము విరిగి రోడ్డు పక్క వూడల చెట్టు కింద సచ్చినా అది షికారే. షికారు అన్న మాటలో దొర వున్నాడు, తుపాకి వుంది, జీపు వుంది. సచ్చిన గొడ్డు అన్న మాటలో మాదిగ వున్నాడు. మాంసం రుచిలో తేడా వుంటే వుండొచ్చుగాని పేరులోని తేడా నాలుక పెట్టింది కాదు.

ఈ పేర్లకు నడుమ వొక చిన్న వంతెన వుంది. అది కత్తి. కొనవూపిరి వుండంగనే కత్తి పెట్టినం అంటే అంతా మారిపోతుంది. ముసల్మాను ఇంటికి కూడా అది పనికొస్తుంది, బీసీ ఇంటికి కూడా సంకోచం వుండదు. కత్తి పెట్టింది ఎవరు, నిజంగా పెట్టిండ్రా అన్నది ఎవరూ గట్టిగా అడగరు. అడిగితే అందరి పాలూ పోతుంది. సచ్చిన ఎద్దు విషయంలో మాత్రం ఎవరూ ఈ ఉపకారం చెయ్యరు. అది సావక ముందే కత్తి పెట్టినమని మాదిగ చెప్పుకుంటే అది ఇంకా పెద్ద నేరమవుతుంది. దుప్పిని రక్షించే అబద్ధం ఎద్దును మోసినవాడిని చంపుతుంది.

ఊరి వ్యవస్థలో సచ్చిన పశువు స్థానాన్ని కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ పనీ హక్కూ విడదీయలేనంతగా కలిసిపోయి వుంటాయి. రైతు కొట్టంలో ఎద్దు సస్తే మాదిగవాడకు కబురొస్తుంది. ఎవరి వంతు అయితే వాళ్లు పోవాలి. రానంటానికి లేదు. తీసుకుపోయినంక మాంసం వాడకట్టులో పాళ్లు పడుతుంది. కొంత ఆ పూట వండుకుంటారు, మిగిలింది పట్టీలుగా కోసి ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేస్తారు. ఆ తునకలు వానకాలం పని దొరకని రోజుల్లో పిల్లల కడుపు నింపిన తిండి. తోలు లందకు పోతుంది. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు రాల్చి, గీకి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ నీళ్లలో వూరబెట్టాలి. తోలునే సంచి లాగా కుట్టి, లోపల తంగేడు చెక్క నింపి, నీళ్లు పోసి కొమ్మకు వేలాడదీసి, ఆ నీరు చుక్కచుక్కగా తోలులోంచి కారేదాకా కనిపెట్టుకొని వుండాలి. రోజుల పని, వారాల పని. ఏ తోలు మోటకు పనికొస్తుంది, ఏది చెప్పుల అడుగుకు, ఏది డప్పుకు, ఏది వార్లకు అన్నది చేత్తో తడిమి చెప్పే విద్య అది. ఇంజనీరింగు కాలేజీలో దానికి డిపార్టుమెంటు లేదుగాని అది రసాయనశాస్త్రమే.

ఆ తోలు మళ్లీ రైతు దగ్గరికే పోయేది. మోట రూపంలో. పాలమూరు, నల్లగొండ మెట్ట నేలలు చెరువుల మీద ఎంత ఆధారపడ్డాయో మోటబావుల మీదా అంత ఆధారపడ్డాయి. మోట బొక్కెన, దాని తొండం, వార్లు, ఎద్దు మెడపట్టీ, ముల్లుగర్ర కొసన తోలు, రైతు కాలికి చెప్పులు, ఇవి లేకుండా ఎకరం పారేది కాదు. అంటే సచ్చిన ఎద్దు కూడా వ్యవసాయం చేసింది. దాన్ని మళ్లీ పొలంలోకి పంపింది మాదిగ. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటర్లు వచ్చి మోట మూలపడ్డాక ఆ విద్య కూడా మూలపడింది. కబురు మాత్రం చాలా ఏండ్లు వస్తూనే వుంది. పని అక్కర తీరింది, పనివాడి మీద ముద్ర తీరలేదు.

నిజాం రాజ్యంలో ఇదంతా వెట్టి కింద నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో వెట్టి రూపాలను వరసగా చెబుతూ, తోళ్లు శుద్ధిచేసి చెప్పులు, మోట సామాను దొరలకు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చేదని రాశాడు. విసునూరు దేశ్‌ముఖ్ పాలనలో వున్న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయాడు. ఆ రోజునుంచి మొదలైన పోరాటం వెట్టిని పగలగొట్టింది. ఇది మేము తక్కువ చెయ్యం. కాకపోతే వొకటి గమనించాలి. వెట్టి రద్దయితే ఉచితంగా ఇవ్వడం పోతుంది, పైసలిచ్చి చేయించుకోవడం వస్తుంది. పశువు సస్తే ఎత్తేది ఎవరన్న ప్రశ్న మాత్రం ఉన్నచోటనే వుంటుంది. భూమి పంచినప్పుడు ఈ పని పంచలేదు. పంచాలన్న ఆలోచన కూడా ఎవరికీ తట్టినట్టు లేదు.

అదే వెట్టిలో దుప్పికి సంబంధించిన వాటా కూడా వుంది. దాన్ని చరిత్రకారులు 'షికారు వినోదం' అనే అధ్యాయంలో పెట్టి దాటేస్తారు. వనపర్తి, గద్వాల, కొల్లాపూరు, ఆత్మకూరు, గోపాలపేట వంటి సంస్థానాల రాజులకు, జాగీర్దార్లకు, వాళ్లకు పైన నిజాముకు వేట వొక హోదా. నల్లమల మీద అమ్రాబాదు పీఠభూమిలోని ఫరహాబాదు నిజాము షికారు విడిది. ఆ పేరుకు ఆనంద నివాసమని అర్థం. తుపాకి పట్టుకొని కూర్చునేవాడు వొకడైతే జంతువును అటువైపు తోలేవాళ్లు మనుషులు, డప్పులు. గుడారాలు మోసేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు, దారి చూపే చెంచులు, వీళ్లందరూ లేకుండా షికారు లేదు. డప్పు సచ్చిన పశువు తోలుతో చేసింది. దాన్ని కొడితే లేచిన దుప్పి దొర పళ్లెంలోకి పోయింది. డప్పు కొట్టినవాడికి మిగిలిన పేగులో, తలకాయో దక్కితే దక్కింది.

తోలు సంగతి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇంకొక తోలు గురించి చెప్పకుండా పోలేం. ఉపనయనం చేసుకునే బ్రాహ్మణ వటువుకు కృష్ణాజినం కావాలి. అంటే ఇర్రి తోలు. తపస్సు చేసుకునేవాడు కూర్చునేది దాని మీదనే. మనుస్మృతి రెండో అధ్యాయం ఇంకొక అడుగు ముందుకు వేసి, కృష్ణజింక తనంతట తాను తిరిగే నేలే యజ్ఞానికి యోగ్యమైన నేల అంటుంది. ఈ లెక్కన మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల నల్లరేగడి చేలు దేశంలోకెల్లా పవిత్రమైనవి కావాలి. అక్కడ ఇర్రులు మందలు మందలుగా తిరుగుతున్నాయి. ఆ చేలలో కూలికి పోయే మాదిగోళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. సరే, పరాచికం పక్కన పెడదాం. ఇర్రి తోలు కూడా తోలే. అదీ సచ్చిన జంతువు వొంటిమీదినుంచి వొలిచిందే. ఎద్దు తోలు ముట్టుకుంటే మైల, ఇర్రి తోలు మీద కూర్చుంటే మడి.

మనువు మాంసం విషయంలో ఇంకా సూటిగా వుంటాడు. ఐదో అధ్యాయంలో వేటకుక్కలు చంపిన జంతువు మాంసం శుద్ధమని చెప్పి, క్రూరమృగాలు చంపినదీ, చండాలురూ దస్యులూ చంపినదీ కూడా శుద్ధమేనని కలుపుతాడు. పాఠకులు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలని మా మనవి. చండాలుడు అంటరానివాడు. వాడి నీడ పనికిరాదు. వాడు చంపి తెచ్చిన దుప్పి మాత్రం శుద్ధం. కుక్క నోట్లో పడ్డ మాంసం శుద్ధం. అంటే శుద్ధి అశుద్ధి అనేది జంతువు ఎట్లా సచ్చిందన్న దాంట్లో లేదు, ఎవరికి అది కావాలన్న దాంట్లో వుంది. పైవాడికి కావల్సిన మాంసానికి శాస్త్రం దారి వెతుకుతుంది. కింది వాడికి మిగిలిన మాంసానికి శాస్త్రం పేరు పెడుతుంది. ఈనాడు మనువును కుక్క స్థానంలో లారీ పెట్టి చదివితే రోడ్డు మీది దుప్పి ఎందుకు మైలపడదో అర్థమవుతుంది.

సచ్చిన పశువు మాంసం మానెయ్యాలన్న పిలుపు మొదట బయటివాళ్లు ఇచ్చింది కాదు, మనవాళ్లే ఇచ్చారు. 1927 మార్చిలో మహాడ్ సభ దగ్గర డాక్టర్ అంబేద్కర్ మహార్లను ఇది వొదిలెయ్యమన్నాడు. దాన్ని ఆయన తిండి సంగతిగా మాత్రమే చూడలేదు. ఊరి పనులతో, మహార్ వతనుతో ముడిపెట్టాడు. 1928లో వతను చట్టానికి సవరణ కోరుతూ బొంబాయి కౌన్సిల్లో బిల్లు తెచ్చాడు. 1948లో అచ్చయిన 'అస్పృశ్యులు' గ్రంథంలో అయితే అంటరానితనం పుట్టుకనే గోమాంసం దగ్గర, అందులోనూ సచ్చిన ఆవు మాంసం దగ్గర వెతికాడు. తెగిపోయిన తెగల మనుషులు, ఓడిపోయి ఊరి అంచున బతికినవాళ్లు, తినడానికి మిగిలింది తిన్నారు. మిగతావాళ్లు ఆవును పూజించడం మొదలుపెట్టినంక అదే తిండి వాళ్ల మీద ముద్రయ్యింది. నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా మహార్ల మీద ఈ ప్రభావం ఎక్కువ. హైదరాబాదు నగరంలో భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి తరం కూడా మద్యమాంసాలు మానుకోమని చెప్పింది. అయితే వాళ్ల మాటలో సంస్కరణ పాలు ఎక్కువ, అంబేద్కర్ మాటలో సమ్మె పాలు ఎక్కువ అని మా అభిప్రాయం. ఎత్తనంటే ఎత్తనన్నది సమ్మె. తినను, మంచివాణ్ణవుతాను అన్నది వేరే.

ఈ తేడా మాకు పుస్తకాల్లో కంటే ఇంట్లో ముందు అర్థమైంది. మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్లం మేమే మొదలు. హాస్టల్లో ఏం తిన్నావు, ఇంట్లో ఏం తింటారు అని అడిగితే తునకలన్న మాట నోట్లోనే మింగుకున్న తరం మాది. పెద్దలు మానేసింది ఊరి దొర ముందు తలెత్తి నిలబడటానికి. మేము దాచిపెట్టింది పక్క బెంచీవాడు ముక్కు మూసుకుంటాడని. మొదటిది తిరుగుబాటు, రెండోది కాదు. 1990ల తరువాత మాదిగ దండోరా డప్పునూ చెప్పునూ చేతబట్టి వీధిలోకి వచ్చినప్పుడు, 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు ఆ మింగుకున్న మాటలే బయటికొచ్చాయి. అయినా సచ్చిన గొడ్డు దగ్గర మేమింకా తడబడుతున్నాం. కోసిన పశువు కూరను హక్కు అనడం తేలికయ్యింది, సచ్చిన పశువును మోసిన చరిత్రను హక్కు అనలేం, సిగ్గు అనీ అనలేం. మోతను తిరస్కరించిన పెద్దలది సరైన నిర్ణయం, అందులో మాకు అనుమానం లేదు. దొమ్మ రోగంతో సచ్చిన పశువును వొలిచి ఆ రోగమే అంటుకొని పోయినవాళ్లున్న వాడకట్టులో ఆ నిర్ణయం ప్రాణాలకు సంబంధించింది కూడా. కాని ఆ తిండి మీద బతికిన తరాలను తక్కువచేసి మాట్లాడే అధికారం ఎవరికీ లేదు.

ఇక దుప్పి దగ్గరికి వస్తే, నిజాము పోయాడు, సంస్థానాలు పోయాయి, జంతువు కొత్త యజమాని చేతిలోకి పోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం 39వ సెక్షను వేటాడిన జంతువే కాదు, చచ్చి దొరికిన అడవి జంతువు, పొరపాటున చంపబడ్డ జంతువు కూడా రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి అంటుంది. దాని మాంసం కూడా. అట్లాంటిది ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషనులోనో అధీకృత అధికారి దగ్గరో చెప్పి అప్పజెప్పాలి. 57వ సెక్షను ఇంకా గట్టిది. మాంసం ఎవరి దగ్గర దొరికిందో వాడు దాన్ని అక్రమంగానే పెట్టుకున్నాడని ముందే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. మామూలు నేరాల్లో పోలీసుల మీద వుండే బరువు ఇక్కడ కూరకుండ మీదికి వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూల్లోది. 2002 సవరణ తరువాత దాని విషయంలో శిక్ష మూడేండ్లకు తగ్గకుండా ఏడేండ్ల దాకా.

ఇప్పుడు మనం ముందు చెప్పుకున్న కత్తి దగ్గరికి మళ్లీ రావాలి. చట్టం దృష్టిలో చంపడమంటే వేటాడటమే. నడుము విరిగి రోడ్డు మీద కొట్టుకుంటున్న దుప్పికి కత్తి పెట్టినవాడు వేటగాడు. దాన్ని గుద్దినవాడి విషయంలో 'పొరపాటు' అన్న మాటకు చోటుంది. పక్కనుంచి చూస్తూ పోయినవాడిది ఏ నేరమూ కాదు. ఊరి నీతిలో కత్తి మాంసాన్ని శుద్ధి చేస్తుంది, చట్టంలో అదే కత్తి మనిషిని నేరస్తుణ్ణి చేస్తుంది. కత్తి పెట్టకుండా సచ్చేదాకా ఆగితే ఊళ్లో ముర్దారు, చట్టంలో సర్కారు సొత్తు. ఏ దారిన పోయినా బండి నడిపినవాడికి అడ్డం లేదు, గంప పట్టుకొని వచ్చినవాడికి అడుగడుగునా వుంది.

దొరికిన కళేబరానికి పంచనామా జరుగుతుంది, పశువైద్యుడు కోసి చూస్తాడు, తరువాత కాల్చడమో పూడ్చడమో. ఇందులో న్యాయం లేదని మేమనడం లేదు. చచ్చి దొరికిందని చెప్పి మాంసం వుంచుకోనిస్తే ఉచ్చులు పెట్టేవాళ్లంతా రోడ్డు మీద దొరికిందనే చెబుతారు. ఉచ్చుల దెబ్బ ఎంతటిదో నల్లమల చూసింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయినంక తెలంగాణ వైపు భాగం అమ్రాబాదు పులుల అభయారణ్యమయ్యింది, 2,611 చదరపు కిలోమీటర్లు. దుప్పి లేకుంటే అక్కడ పులి లేదు. ఆ అడవి నడుమనుంచి శ్రీశైలం రోడ్డు పోతుంది. రాత్రిపూట మన్ననూరు దగ్గర గేటు వేసి బండ్లు ఆపుతారు. పగలు మాత్రం దేవుడి దర్శనానికి పోయే కార్లు ఎన్నైనా పోవచ్చు.

ఆ రోడ్డుకు అటూ ఇటూ చెంచుపెంటలున్నాయి. 1943లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద పుస్తకం రాసేనాటికి విల్లమ్ములు వాళ్ల చేతిలో వున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిబిడ్డల సంప్రదాయ హక్కులన్నింటినీ గుర్తిస్తానని చెబుతూ, వేటాడే హక్కును, ఉచ్చు పెట్టే హక్కును, అడవి జంతువు శరీరంలోంచి ఏ భాగాన్నైనా తీసుకునే హక్కును మినహాయించింది. చివరి మాట చూడండి. చంపడం సంగతి కాదు, తీసుకోవడం సంగతి. తేనె తీసుకోవచ్చు, దుంప తీసుకోవచ్చు. కారు గుద్ది పోయిన దుప్పి కొమ్ము తీసుకోరాదు. నిజాము ఆనంద నివాసం చుట్టూ దారిచూపిన వాళ్ల మనుమలు ఇప్పుడు సచ్చిన జంతువుకు కూడా ఆమడదూరం వుండాలి.

చచ్చిన జంతువు రాజుదేనన్న సూత్రం మన దగ్గర మాత్రమే పుట్టింది కాదు. 13వ శతాబ్దపు ఇంగ్లండు రాజారణ్య నియమాల్లో జింక చచ్చి దొరికితే చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లను పిలిచి విచారణ జరపాలి. బాణం దొరికితే అధికారికి అప్పజెప్పాలి. మాంసం మాత్రం దగ్గర్లో కుష్ఠురోగుల ఆశ్రమం వుంటే వాళ్లకు, లేకుంటే రోగులకూ పేదలకూ పంచాలి. రాజు జంతువును వొదులుకోలేదు, మాంసాన్ని వొదిలాడు. అది దయ మాత్రమే కాదు, చచ్చిన మాంసం అంచుకు నెట్టబడ్డవాడికి పోవాలన్న లెక్క కూడా అందులో వుంది. మనకు తెలిసిన లెక్కే. ఇప్పటి కాలంలో అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో వాహనం తగిలి చచ్చిన మూస్ అనే పెద్ద దుప్పి ప్రభుత్వానిదే, కాని ముందే పేరు రాయించుకున్న ధర్మసంస్థలకు, కుటుంబాలకు కబురు చేస్తారు. వాళ్లు వచ్చి తీసుకుపోయి కోసుకొని తింటారు. ఆరెగాన్ రాష్ట్రం 2019 నుంచి రోడ్డు మీద చచ్చిన జింకకు ఉచితంగా అనుమతి పత్రం ఇస్తోంది. తలా కొమ్ములూ మాత్రం సర్కారుకు అప్పజెప్పాలి. కొమ్ము వ్యాపారాన్ని ఆపి కూరను వొదిలిన పద్ధతి అది. అక్కడ అర్ధరాత్రి కబురు వస్తే మనుషులు సంతోషంగా పోతారు. సచ్చిన జంతువును ఎత్తడానికి పోయినందుకు వాళ్లను ఎవరూ ఊరవతల వుంచరు. ఈ పద్ధతిని తెచ్చి ఇక్కడ పెట్టమని మేము అడగడం లేదు. ఇక్కడ పెడితే ఆ జాబితాలో ఎవరి పేర్లు వుంటాయో, కబురు ఏ వాడకట్టుకు వస్తుందో ఊహించుకోవడం కష్టం కాదు.

ఊహ ఎందుకు, జరిగినవే వున్నాయి. హర్యానాలోని ఝజ్జర్ జిల్లా దులీనా పోలీసు చౌకీ దగ్గర 2002 అక్టోబరు 15న ఐదుగురు దళితులను గుంపు కొట్టి చంపింది. వాళ్ల దగ్గర వున్నది ఆవు తోలు. మూడేండ్లు తిరక్కుండా 2005 జూన్‌లో అదే ఝజ్జర్ జిల్లాలో మాజీ క్రికెట్ కెప్టెన్ పటౌడీ నవాబు, ఆయన మిత్రుల వాహనంలో కృష్ణజింక కళేబరం, కుందేళ్లు దొరికాయి. కేసయింది. కోర్టులో వాయిదాలు నడిచాయి. వొకే జిల్లా, రెండు కళేబరాలు. మొదటిదాని విషయంలో విచారణ రోడ్డు మీదే అయిపోయింది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర సచ్చిన ఆవు తోలు వొలుస్తున్న దళిత యువకులను వాహనానికి కట్టి కొట్టినప్పుడు, సురేంద్రనగర్‌లో దళితులు కళేబరాలను తెచ్చి కలెక్టరు కచేరీ ముందు పడేశారు. మీ తల్లిని మీరే ఎత్తుకోండన్నారు. ఆ నెల తిరిగి ఆగస్టు వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో అమలాపురం దగ్గర, కరెంటు తగిలి సచ్చిన ఆవును యజమాని పిలిస్తేనే పోయి వొలుస్తున్న ఇద్దరు మాదిగ అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. కరెంటు తగలడం లారీ తగలడం లాంటిదే, ప్రమాదం. దుప్పి అయితే అటవీశాఖ వచ్చేది. ఆవు కాబట్టి గోరక్షకులు వచ్చారు.

మక్తల్ దిక్కు ఇప్పుడు నారాయణపేట జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు అమ్రాబాదు నాగర్‌కర్నూలుకు పోయింది, పాలమూరు పాత రూపం పోయింది. అక్కడి రైతులకు ఇర్రుల మంద వొక గోస. రాత్రంతా చేలో కాపలా, పత్తి మొలకా కంది మొలకా మేసిపోతే మళ్లీ విత్తనం కొనాలి. కాపలాకు పోయేది చాలాచోట్ల కౌలుకు చేసే చిన్న రైతు, లేకుంటే జీతగాడు. ఇర్రి బతికి వుండి పంట తింటే ఆ నష్టానికి దరఖాస్తు రాసుకోవాలి. అదే ఇర్రి పొద్దుగాల రోడ్డు మీద సచ్చి కనబడితే అది తన పంట తిన్నదేనని తెలిసినా ముట్టుకోరాదు. చట్టంలో సవరణలు 2022లో వచ్చాయి, 2023 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో కనీస జరిమానా పదివేల నుంచి పాతికవేలకు పెరిగింది. చచ్చి దొరికిన జంతువు ప్రభుత్వ ఆస్తి అన్న మాట అట్లాగే వుంది.

ఈ విషయం మీద పని చేసే మిత్రులకు వొక మాట. పాత వేట ఫొటోలు చూసేటప్పుడు తుపాకి పట్టుకున్నవాడి పేరు కింద రాసి వుంటుంది. వెనక వరసలో నిలబడ్డ వాళ్లను, జంతువు తల పైకెత్తి పట్టుకున్న చేతులను చూడండి. అటవీ రేంజి కచేరీల్లో పంచనామాలు వున్నాయి. వాటిలో కళేబరం కొలతలు వుంటాయి, సాక్షుల వేలిముద్రలు వుంటాయి. గుంట తవ్వింది ఎవరో, దానికి కూలి ఎంత ఇచ్చారో కూడా అడిగి రాసుకోవాలి. మాదిగవాడల్లో పెద్దలు ఇంకా వున్నారు. లంద పెట్టిన చోటు చూపించగలరు, మోటకు ఎన్ని తోళ్లు పట్టేవో చెప్పగలరు. వాళ్లు మాట్లాడటానికి ముందు వొకసారి మన మొఖం చూస్తారు, మనం ముక్కు మూసుకుంటున్నామా అని.